నూకాలు ఊరు పద్దెనిమిది, మా ఊరు పదమూడు

రోజు 0

మధ్యాహ్నమంతా నూకాలు నా పక్కన కూర్చుని నాచు ఏరుతూనే ఉంది. పొద్దు వాలేసరికి వాళ్ళ ఊరు తాళ్ళు విప్పుకుని వెళ్ళిపోయింది. అది కనుమరుగైన రోజుని నేను సున్నా అని రాసుకుంటాను. నా లెక్క ఎప్పుడూ చెల్లెల్ని వదిలిన దగ్గర మొదలవుతుంది.

గాలి, పోటు, ట్యాంకులో నీళ్ళు, ఇవన్నీ సరంగు ఎల్లాజీ మావయ్య రాస్తాడు. ఊరిని నడిపేదీ ఆయనే, ఊరికి పెద్దా ఆయనే. నా పని చుట్టు లెక్క. మా గవ్వపాలెం నీళ్ళ మీద తేలే ఊరు. నడిసముద్రంలో స్తంభాల మీద కట్టిన తీపిమంచె దగ్గర మంచినీళ్ళు నింపుకుని, ప్రవాహంతో పాటు సముద్రం మీద ఒక చుట్టు తిరిగి మళ్ళీ మంచె దగ్గరికే వస్తుంది. అందుకు పన్నెండు రోజులు. నూకాలు మెట్టిన శంఖవరానికి పద్దెనిమిది రోజులు. పన్నెండు గుణిజాలు 12, 24, 36. పద్దెనిమిది గుణిజాలు 18, 36. రెండు వరసల్లోనూ మొదట కనిపించేది 36. అంటే ముప్పై ఆరు రోజులకోసారి, ఒక్క పూట, నా చెల్లెలు నాకు. ఒడ్డు మునగక ముందు అక్కాచెల్లెళ్ళు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు బస్సెక్కి వెళ్ళేవాళ్ళని మా అమ్మ చెప్పేది.

నూకాలుకి ఐదో నెల. ఇది రెండో కానుపు. మొదటిసారి ఏడో నెలలోనే నొప్పులొచ్చి, బిడ్డ కాళ్ళతో అడ్డం తిరిగి, శంఖవరంలో పురుడు పోయడం తెలిసినవాళ్ళెవరూ లేక, బిడ్డ దక్కలేదు. మా ఊళ్ళో దానమ్మక్క ఉంది. పాత రోజుల్లో ఆసుపత్రిలో చేసిన మనిషి. అందుకని ఇవాళ నలుగురం కూర్చుని ఖాయం చేసుకున్నాం. డెబ్భై రెండో రోజున నూకాలు మా ఊరెక్కుతుంది, పురుడు ఇక్కడే. నూట నలభై దగ్గర కానుపు అవుతుందని దానమ్మక్క అంచనా. అమ్మ పోయాక దానికి పుట్టిల్లంటే నేనే.

రోజు 6

తుఫాను. ఊరిని నెట్టే రెండు పంకాల్లో ఒకటి విరిగి అడుక్కి వెళ్ళిపోయింది. మనుషులకేం కాలేదు. వరి మడి ఒకటి ఉప్పునీళ్ళు తాగింది. ఇవాళంతా పిల్లల్ని కూడా పెట్టుకుని నీళ్ళు తోడాం. ఎల్లాజీ మావయ్య మిగిలిన పంకా పక్కనే కూర్చుని దాని చప్పుడు వింటున్నాడు.

రోజు 13

పన్నెండో రోజు రావలసినవాళ్ళం, ఇవాళ చేరాం. ఒంటి పంకాతో ఇక ఇంతకన్నా వేగంగా రాలేమన్నాడు మావయ్య. అంటే మా ఊరి అంకె పదమూడు.

పదమూడు ఒంటి అంకె. బళ్ళో ప్రధాన సంఖ్య అని చెప్పేవాళ్ళు. ఒకటీ, తానూ తప్ప దాన్ని శేషం లేకుండా భాగించే కారణాంకం ఇంకేదీ ఉండదు. పన్నెండుకీ పద్దెనిమిదికీ ఆరు ఉమ్మడిగా ఉంది కాబట్టి తొందరగా కలుసుకునేవి. పదమూడుకీ పద్దెనిమిదికీ ఉమ్మడిగా ఏమీ లేదు. రెండింటినీ గుణిస్తేగాని కలవవు. 234. అప్పటికి బిడ్డ పుట్టి మూడు నెలలు దాటుతుంది.

నూకాలు తన ఊరు వచ్చిన రోజు మంచె మీద దిగి మా కోసం ఆగడానికి లేదు. పొద్దుగూకాక కాపరి తప్ప ఇంకెవరూ మంచె మీద ఉండకూడదని, ఇక్కడ నీళ్ళు పట్టుకునే తొమ్మిది ఊళ్ళూ ఒట్టు పెట్టుకున్నాయి. నీళ్ళ కోసం కొట్టుకున్న రోజుల్లో పోయినవాళ్ళ పేర్లు ఆ స్తంభాల మీద చెక్కి ఉన్నాయి. మా నాన్న పేరు కూడా ఉంది. ఆ ఒట్టు తీసెయ్యమని అడగడానికి నాకు నోరు రాదు. చిన్న నావల్లో దాటుదామంటే రెండు చుట్ల మధ్యా ఉన్నది చచ్చుసముద్రం. గాలి ఉండదు, నీడ ఉండదు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు.

వేగంగా వెళ్ళలేకపోయినా నెమ్మదించడం మా చేతిలో ఉంది. నీళ్ళలోకి బరువు చాపలు దించితే ఊరు ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఎంత పొదుపు చేసినా మా ట్యాంకు పదిహేను రోజులకి మించి రాదు. పదిహేనుకీ పద్దెనిమిదికీ మూడు ఉమ్మడి. వాటి కనిష్ఠ సామాన్య గుణిజం 90. తొంభయ్యో రోజంటే కానుపుకి ఇంకా చాలా వ్యవధి ఉంటుంది.

రేవులోనే అందర్నీ పిలిచి చెప్పాను. ఒక మనిషి కోసం ఊరంతా దాహంతో ఉండాలని అడుగుతున్నానని కూడా చెప్పాను. ఊళ్ళో అందరికన్నా పెద్దది అచ్చియ్యమ్మ మామ్మ, తలకి ఎన్ని చెంబులు తగ్గుతాయని అడిగింది. చెప్పాను. సరేనంది. ఆమె సరేనన్నాక ఇంకెవరూ కాదనలేదు.

మంచె కాపరి సన్యాసయ్యకి మా అంకె పదిహేనని చెప్పాం. మంచెకి రెండే రేవులు కాబట్టి ఒకసారి చెప్పిన అంకె మూడు చుట్లు మార్చకూడదు. ఊళ్ళ మధ్య మాటలు మోసేదీ ఆయనే. కబుర్లు పంపే యంత్రాలన్నీ ఉప్పుకి ఎప్పుడో పాడైపోయాయి. శంఖవరం వచ్చినప్పుడు నూకాలుతో తొంభయ్యో రోజున కలుస్తామని చెప్పమన్నాను. ఆయన కళ్ళు మూసుకుని నా మాటలు నాలుగుసార్లు గొణుక్కున్నాడు. ఆయన అలాగే గుర్తుపెట్టుకుంటాడు.

రోజు 21

ఎండుచేపలు మూడేసి కట్టలు కడుతున్నాను. ఆఖర్న ఒకటి మిగిలింది. ఆ ఒక్కదాన్నీ చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

మేం పదిహేను మొదలుపెట్టింది సున్నా నుంచి కాదు. పదమూడు నుంచి. మేం మంచెకి వచ్చే రోజులు 28, 43, 58, 73, 88, 103. తొంభై ఇందులో లేదు. అంతకన్నా ఘోరం ఇంకోటుంది. శంఖవరం వచ్చే ప్రతి రోజునీ మూడేసి కట్టలు కడితే ఏమీ మిగలదు. మా రోజుల్ని కడితే ప్రతిసారీ ఒకటి మిగులుతుంది. పదిహేనులో మూడు ఉంది కాబట్టి ఎన్ని పదిహేనులు కలిపినా ఆ మిగిలిన ఒకటి చెక్కుచెదరదు. తొంభై కాదు, తొమ్మిది వందలు కాదు, ఈ అంకెతో మేం ఎప్పటికీ కలవం.

పదమూడుతోనే ఉండి ఉంటే ఆలస్యంగానైనా కలిసేవాళ్ళం. పద్దెనిమిదితో ఉమ్మడిగా ఏమీ లేని అంకె ఎక్కడ మొదలుపెట్టినా, ఎంత తేడాతో నడిచినా, ఎప్పుడో ఒకనాడు దాన్ని కలిసి తీరుతుంది. తొందరగా కలవాలని నేను తెచ్చిన అంకె దారే మూసేసింది.

చేప కింద పెట్టి ఎల్లాజీ మావయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన వింటూ పంకాకి నూనె రాస్తూనే ఉన్నాడు. పూర్తయ్యాక అడిగాడు.

"మార్చడానికి ఎప్పుడు వీలవుతుంది?"

"యాభై ఎనిమిదిన, మావయ్యా. అప్పుడు పద్నాలుగుకి మారితే ఒక్క చుట్టులో డెబ్భై రెండు. అది పద్దెనిమిదికి నాలుగో గుణిజం."

"అయితే అప్పటిదాకా పదిహేనులోనే ఉండాలి గదా. ఉందాం."

సాయంత్రం వంటసాలలో అందరికీ చెప్పాను. గొంతు ఎండిపోయిన మనుషులకి, మీ దాహం తప్పు లెక్కకి పోయిందని చెప్పడం ఎలా ఉంటుందో రాయలేను. అచ్చియ్యమ్మ మామ్మ కోప్పడుతుందనుకున్నాను. ఈసారి లెక్క ఎవరికి చూపించి సరిచేయించుకున్నావని మాత్రం అడిగింది. ఎవరికీ లేదన్నాను. అయితే ఇక్కడే చెయ్యమంది.

బుట్టెడు గవ్వలు నేల మీద గుమ్మరించారు. ఒక వరస మాది, ఒక వరస శంఖవరానిది. ఊరంతా చుట్టూ కూర్చుని గవ్వ గవ్వకీ పైకి లెక్కపెట్టారు. 58 దగ్గర నుంచి పద్నాలుగు గవ్వలు పేర్చి, అవతలి వరసలో నాలుగో పద్దెనిమిది పక్కకి చేరేసరికి రెండు గవ్వలూ పక్కపక్కన వచ్చాయి. మామ్మ వంగి వాటిని వేలితో తాకి చూసింది. ఇంకోసారి మొదట్నుంచీ లెక్కపెట్టండంది. మళ్ళీ పెట్టారు.

రోజు 28

మంచె దగ్గర ఆగీ ఆగగానే సన్యాసయ్యని అడిగాను. ఈ ఒక్కసారికి ఒప్పుకుంటే ఇవాళ్టి నుంచే పదమూడుకి మారతాం, రెండు చుట్లలో యాభై నాలుగు, నూకాలుని అప్పుడే ఎక్కించుకుంటాం అన్నాను. ఆయన వేళ్ళ మీద లెక్కచూసి తల అడ్డంగా ఊపాడు. నలభై ఒకటో రోజున రెండు రేవులూ వేరే ఊళ్ళవి. వాళ్ళ నీళ్ళకి అడ్డం పడితే పాత రోజులే మళ్ళీ వస్తాయన్నాడు. ఆ మాట నాకు ఆయన చెప్పక్కర్లేదు.

నూకాలు పద్దెనిమిదో రోజున చెప్పి వెళ్ళిన మాటలు అప్పజెప్పాడు. తెల్లటి గడ్డం, బొంగురు గొంతు, మాటలు మాత్రం నా చెల్లెలివి. "అక్కా, నాకు కాళ్ళు వాచినాయి, అయినా బాగానే ఉన్నాను. లోపలిది తన్నుతోంది. నీ చేతి పులుసు తినాలని ఉంది. తొంభయ్యో రోజున వచ్చాక ఒక గిన్నెడు నాకే పెట్టాలి, ఎవరికీ పెట్టకూడదు." ఆ ముసలాయన నోట ఆ మాటలు వింటుంటే నవ్వొచ్చింది. నవ్వుతూనే మొహం తిప్పుకున్నాను.

తొంభై కాదని, డెబ్భై రెండని, ఈసారి ఊరంతా సరిచూశారని చెప్పమన్నాను.

రోజు 43

నూకాలు ముప్పై ఆరున వచ్చి నా కబురు అందుకుంది. డెబ్భై రెండు మనం ముందు అనుకున్న రోజే గదా, మరి మధ్యలో తొంభై ఎందుకొచ్చిందని అడగమందట. కలిశాక చెబుతాను.

నీళ్ళు తగ్గాక వరి మడుల్లో ఒకటి వదిలేశాం. బట్టలన్నీ ఉప్పునీళ్ళలోనే ఉతుకుతున్నాం. ఒళ్ళంతా దురద. పసిపిల్లల తల్లులకి మాత్రం కోత లేదు. ఎవరూ పెట్టమనకుండానే ఆ నియమం పెట్టుకున్నారు.

రోజు 58

మూడు చుట్లూ అయ్యాయి. ఇవాళ మా అంకె పద్నాలుగైంది.

నూకాలు కబురు ఈసారి సన్యాసయ్య వెంటనే చెప్పలేదు. ముందు నన్ను కూర్చోమన్నాడు. యాభై నాలుగున నూకాలు రేవులోకి రాలేదు. దాని మొగుడు గురువులు వచ్చాడు. దానికి రక్తం కనిపించిందట, మంచం దిగొద్దన్నారట. ఏడో నెల నడుస్తోంది. గురువులు వాళ్ళ పెద్దల్ని ఒక్క చుట్టు తొందరగా తిప్పమని బతిమాలాడట. శంఖవరం పెద్ద ఊరు, పాత పడవ పొట్టల మీద కట్టింది, లాగినా కదలదు.

దానమ్మక్కకి చెప్పాను. రక్తం ఎంత పోయింది, ఎప్పుడు, నొప్పి ఉందా అని అడిగింది. నాకేం తెలుసు. ఆమె పురిటి గది కడగడం మొదలుపెట్టింది.

రోజు 70

మూడు రోజులుగా ప్రవాహం చచ్చిపోయింది. సముద్రం నూనె పోసినట్టుంది. పద్నాలుగులో వెళ్ళాలని చాపలన్నీ పైకి లాగేసినా, ఒక్క పంకా ఊరిని మొయ్యలేకపోతోంది. ఇలాగే వెళ్తే డెబ్భై మూడో రోజు పొద్దున చేరతామన్నాడు మావయ్య. డెబ్భై మూడుని కలిసే రోజు నా గవ్వల వరసల్లో ఎక్కడా లేదు.

మావయ్య నావలన్నీ దింపమన్నాడు. ఊరి ముక్కుకి తాళ్ళు కట్టి, నావల్లోంచి తెడ్లేసి ఊరిని లాగుతున్నాం. మగా ఆడా వంతులు. నా అరచేతులు పగిలాయి కాబట్టి ఇంతకన్నా రాయలేను.

రోజు 72

పొద్దు నీళ్ళకి జానెడు ఎత్తులో ఉండగా మంచె చేరాం.

శంఖవరం తాళ్ళన్నీ విప్పేసింది. ఒక్కటి మాత్రం ఇంకా రేవు గుంజకి ఉంది. దాన్ని గురువులు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళ సరంగు ఆ తాడు వదలమని కేక వెయ్యలేదు. అవతలికి తిరిగి నిలబడ్డాడు.

నూకాలుని మంచంతోనే దించారు. చిక్కిపోయింది. మొహంలో కళ్ళు, దుప్పటి కింద కడుపు, అంతే మిగిలింది. మావాళ్ళు నలుగురు మంచం అందుకున్నారు. వాళ్ళ చేతులు ఇంకా తెడ్డు పట్టుకున్నట్టే వంకరపోయి ఉన్నాయి. మంచం నా ముందు నుంచి వెళ్తుంటే నూకాలు నా పగిలిన చేతులు చూసింది. ఏమైందని అడిగింది. మన ఊరిని నీ దగ్గరికి లాక్కొచ్చానన్నాను.

గురువులు వాళ్ళ ఊళ్ళో పంకాలు చూసే మనిషి, వదిలి రావడానికి లేదు. తాడు విప్పుతూ నా వైపు చూశాడు.

"వదినా, ఈసారి ఇద్దర్నీ పంపించు."

రోజు 91

నూకాలు లేచి కూర్చుంటోంది. రక్తం ఆగింది. బిడ్డ మళ్ళీ కాళ్ళు కిందికే పెట్టుకుని ఉందని దానమ్మక్క చెప్పింది. రోజూ పొద్దున కడుపు మీద నూనె రాసి, చేతులతో నెమ్మదిగా తోస్తోంది. ఒకరోజు తిరిగినట్టే తిరిగి మళ్ళీ మొదటికి వస్తోందట.

నూకాలు ఒక ఆట కనిపెట్టింది. పొద్దున్నే కళ్ళు తెరిచి ఇవాళ ఎన్నో రోజని అడుగుతుంది, చెప్పాక అది ఒంటిదో కాదో తనే తేలుస్తుంది. చిన్నప్పుడు లెక్కలంటే పారిపోయేది. ఇవాళ తొంభై ఒకటంటే రెండుకి పోదు, మూడుకి పోదు, ఐదుకి పోదు, ఒంటిదే అంది. ఏడుతో చూడమన్నాను. ఏడు పదమూళ్ళు తొంభై ఒకటి. మోసం చేసిందే అని కాసేపు ఆ అంకె మీద అలిగింది.

బిడ్డకి బట్టలు కుట్టనివ్వడం లేదు. పోయినసారి కుట్టినవి ఇంకా పెట్టెలోనే ఉన్నాయట. నేను బలవంతం చెయ్యలేదు. పాత చీరలు మాత్రం మెత్తగా ఉతికి మడతపెట్టి ఉంచాను, ఏ పనికైనా వస్తాయని.

రోజు 120

నూట పదమూడు ఒంటిది. అప్పట్నుంచి రోజూ నూకాలు అడుగుతోంది, రోజూ ఏదో ఒక కారణాంకం దొరుకుతోంది. నూట పంతొమ్మిది ఒంటిదేనని నిన్న పందెం కాసింది. ఏడు పదిహేడులు. ఇవాళ నూట ఇరవై, దాన్ని భాగించేవాటి పేర్లు చెప్పేసరికి అన్నం ఉడికింది. రేపు పదకొండు పదకొండ్లు. నూట ఇరవై ఏడు దాకా ఒంటి అంకె లేదని ముందే చూసి ఉంచాను, దానికి చెప్పలేదు.

మధ్యాహ్నం జుట్టు దువ్వుతుంటే ఉన్నట్టుండి అడిగింది.

"అక్కా, ఈసారి కూడా అలాగే అయితే?"

కాదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ అది నాకు తెలియదు. ఒకసారి తెలియకుండానే తొంభై అని చెప్పాను.

"ఈసారి నువ్వు ఒక్కదానివే ఉండవు," అన్నాను. "అంతవరకు నాకు తెలుసు."

అది తల నా ఒళ్ళో పెట్టుకుంది. చిక్కులన్నీ పోయాక కూడా దువ్వుతూనే ఉన్నాను.

రోజు 137

తెల్లారకముందే నొప్పులు మొదలయ్యాయి. దానమ్మక్క నన్ను మధ్యాహ్నం దాకా లోపలే ఉండనిచ్చింది. తర్వాత బిడ్డ కాలు కనిపించిందని, చోటు కావాలని బయటికి పంపేసింది. గుమ్మం పక్కన కూర్చున్నాను. ఊళ్ళో ఎవరూ పనిలోకి వెళ్ళలేదు. పంకా కూడా ఆపేశాడు మావయ్య, ఊరు కుదపకూడదని.

నూకాలు అరుపులు వింటూ ఊరికే కూర్చోలేకపోయాను. ఇవాళ్టి అంకె అది పొద్దున్న అడగలేదు. దాని బదులు నేనే మొదలుపెట్టాను. రెండుకి పోదు. మూడుకి చూడాలంటే అంకెలు కలపాలి. ఒకటీ మూడూ ఏడూ పదకొండు, పోదు. చివర ఐదూ లేదు, సున్నా లేదు. ఏడు పంతొమ్మిదులు నూట ముప్పై మూడు, నాలుగు మిగిలింది. లోపల అరుపు ఆగిపోయింది. దానమ్మక్క ఏదో గట్టిగా అంటోంది, తొయ్యమంటోంది. పదకొండు. పదకొండు పన్నెండ్లు నూట ముప్పై రెండు. ఐదు మిగిలింది. తర్వాత పదమూడు, కానీ పదమూడుని చూడక్కర్లేదు. పదమూడు పదమూళ్ళే నూట అరవై తొమ్మిది, దాటిపోయింది. పెద్ద కారణాంకం ఏదైనా ఉంటే దాని జోడు చిన్నదై ఉండాలి, చిన్నవన్నీ చూసేశాను. ఇంక చెయ్యడానికి లెక్క లేదు.

లెక్క అయిపోయింది, లోపల ఏ చప్పుడూ లేదు. నేను మళ్ళీ రెండు నుంచి మొదలుపెట్టాను. ఏడు దగ్గర ఉండగా లోపల చిన్న పిల్లికూన అరిచినట్టు ఒక ఏడుపు. తర్వాత గట్టిగా, కోపంగా ఇంకొకటి.

దానమ్మక్క తలుపు తీసింది. చేతుల మీద మోచేతుల దాకా రక్తం. ఆడపిల్ల అంది. నూకాలు ఎలా ఉందన్నాను. నీళ్ళడుగుతోంది, కడుపునిండా ఇవ్వు అంది. అప్పుడు చూసుకుంటే నా వెనక ఊరంతా నిలబడి ఉంది, ప్రతివాళ్ళ చేతిలోనూ తలా ఒక చెంబు.

తల్లికి నీళ్ళు తాగించాను. కళ్ళు మూసుకునే అడిగింది, ఒంటిదా అని. ఒంటిదే అన్నాను.

మడతపెట్టి ఉంచిన పాత చీరల్లో ఒకటి చింపి పిల్లకి చుట్టాం.

రోజు 165

ఇరవై ఒకటో నాడు ఉయ్యాల్లో వేసి అమ్మ పేరే పెట్టాం. ఆదిలక్ష్మి. అంత పేరు ఎవరూ పిలవడం లేదు, అందరికీ ఆదమ్మే.

రోజూ పొద్దున అచ్చియ్యమ్మ మామ్మ కాళ్ళు చాపుకుని, పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తుంది. ఉప్పునీళ్ళు పడితే పసి ఒళ్ళు మండుతుంది. అందుకని ఇంటింటి నుంచి ఒక గిద్దెడు మంచినీళ్ళు వస్తాయి. పద్నాలుగు రోజుల చుట్టు అంటే ఇంకా కోతే. అయినా ఎవరి వంతు ఎవరూ మర్చిపోవడం లేదు. నీళ్ళిచ్చిన వంకతో పిల్లని చూడ్డానికి ఆగుతారు. మామ్మ ముక్కు సాగదీసి, మాడు రుద్ది, సాంబ్రాణి పట్టి ఇస్తుంది. ఆదమ్మ అప్పుడు పడుకుంటే మధ్యాహ్నం దాకా లేవదు. అది నిద్రపోయేటప్పుడు పంకా దగ్గర సుత్తి చప్పుడు ఉండదు.

ఎల్లాజీ మావయ్య మా గుమ్మం ముందు నుంచే రోజుకి మూడుసార్లు వెళ్తున్నాడు. అటువైపు ఆయనకి పనేమీ లేదు.

రోజు 198

పద్దెనిమిదికి పదకొండో గుణిజం. డెబ్భై రెండు నుంచి పద్నాలుగు చొప్పున తొమ్మిది చుట్లు. శంఖవరం మాకన్నా ముందే వచ్చి రేవులో ఉంది.

గురువులు మంచె మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నూకాలు తన కాళ్ళ మీద తనే నడిచి వెళ్ళి పిల్లని ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన పట్టుకున్న పద్ధతి చూసి అచ్చియ్యమ్మ మామ్మ మెడ కింద చెయ్యి పెట్టమని అదిలించింది. ఆయన పెట్టాడు. చాలాసేపు పిల్ల మొహంలోకి చూసి, తర్వాత నా వైపు తలెత్తాడు. ఇద్దర్నీ పంపించానన్నాను.

మూడో నెల నడుస్తోంది, మెట్టినింటికి పంపాల్సిన సమయమే. సామాను చిన్నదే. మామ్మ నలుగుపిండి పొట్లం, సాంబ్రాణి, పాత చీరలు. పొద్దు వాలుతుండగా తాళ్ళు విప్పే ముందు సన్యాసయ్య మా అంకె ఏమిటని కేకేశాడు. మూడు చుట్లు ఎప్పుడో దాటాయి, మార్చుకోవచ్చు.

ఊరంతా నా వైపు చూసింది. నేను ముందే అనుకుని ఉన్నాను. ఇన్నాళ్ళ దాహం చాలు. వరి మడి మళ్ళీ వెయ్యాలి. పదమూడు అన్నాను. మనం చేరగలిగిన వేగం అదే, నీళ్ళకి ఇబ్బంది ఉండదు, ఒంటి అంకె కాబట్టి తొమ్మిది ఊళ్ళలో దేన్నీ కలవకుండా పోము అని కూడా చెప్పాను.

"దాంతో ఎన్నాళ్ళకి కలుస్తాం?" అంది మామ్మ.

"రెండు వందల ముప్పై నాలుగు రోజులకి."

"అప్పటికి దీనికి పదో నెల వస్తుంది. పదిహేనైతే?"

ఇవాళ రెండు ఊళ్ళూ ఒకే రోజున, ఒకే మంచె నుంచి బయల్దేరుతున్నాయి. ఈసారి ఏ శేషమూ లేదు. "తొంభై," అన్నాను. "ఈసారి నిజంగా తొంభయ్యే."

మామ్మ వేళ్ళు మడిచింది. ఒకటి, రెండు, మూడు. తొందరపడలేదు.

"ఐదో నెల," అంది. "ఆడపిల్లకి ఐదో నెలలో అన్నం ముట్టించాలి. మనం లేకుండా ఎవరు ముట్టిస్తారు?"

మళ్ళీ నీళ్ళ కోతేనని గుర్తుచేశాను. అలవాటైపోయిందని వెనక నుంచి ఎవరో అన్నారు. ఎల్లాజీ మావయ్య నా జవాబు కోసం ఆగలేదు. మంచె వైపు తిరిగి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"పదిహేను, సన్యాసయ్యా. రాసుకో."

బరువు చాపలు నీళ్ళలోకి దించారు. ఊరు ఒక్కసారి వెనక్కి ఊగి, ఈడ్చుకుంటూ కదిలింది. పదమూడు అంకెతో వెళ్ళి ఉంటే మంచె దాటిన గంటకే శంఖవరం కనుమరుగయ్యేది. ఇవాళ చాలాసేపు కనిపిస్తూనే ఉంది. అంచున నూకాలు పసుపు చీర, దాని పక్కన గురువులు, ఆయన భుజం మీద తెల్లటి చిన్న మూట. చీకటి పడేదాకా వాళ్ళకి చెయ్యూపుతూనే ఉన్నాం.